నిజం చెప్పినవాడి అరచెయ్యి

మీరు చివరిసారి సంతకం లేని ఉత్తరం ఎవరి మీద రాశారు? రాయలేదని తొందరపడి అనకండి. ఆఫీసులో సలహాల పెట్టెలో మడిచి వేసిన చీటీ, ఎవరికీ తెలియని నంబరు నుంచి పంపిన మెసేజీ, దొంగ పేరుతో పెట్టిన కామెంటు, అన్నీ ఆ కోవలోవే. మన భాషలో దానికి ముద్దుపేరు కూడా ఉంది: ఆకాశరామన్న ఉత్తరం. ఆకాశంలో ఉన్నవాణ్ణి ఎవరూ పట్టుకోలేరు. దొరికేది నేల మీద ఉన్నవాళ్ళు.

నేను రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. ఆ ఉత్తరం వల్ల ఒక మనిషి కుడి అరచెయ్యి కాలింది. ఇంకొక మనిషి జైలుకు వెళ్ళాడు. నేను మాత్రం దోహాలో అదే బడిలో, అదే తరగతి గదిలో పిల్లలకు సైన్సు చెబుతున్నాను. ప్రశ్న అడగ్గానే పిల్లలు చేతులెత్తుతారు. అన్ని అరచేతులు ఒక్కసారిగా నా వైపు తిరుగుతాయి. ఒక క్షణం పాటు నాకు ఏం అడిగానో గుర్తుండదు.

జైలుకు వెళ్ళినాయన మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు. మాజీ అధ్యక్షుడు అనాలి, కానీ మావాళ్ళెవరూ అలా అనరు. ఊళ్ళో ఒకసారి ప్రెసిడెంటు అయినవాడు కాటికి పోయేదాకా ప్రెసిడెంటే. పదవి దిగిపోయిన మర్నాడు కూడా ఆయన్ని అందరూ ‘ప్రెసిడెంటు గారూ’ అనే పిలిచారు, నాతో సహా. ఈ అలవాటు చిన్నదిగా కనిపిస్తుంది. జరిగిందంతా దాని వల్లే జరిగిందని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. అధికారం పోయినవాడి చేతిలో మేము అధికారాన్ని అలాగే ఉంచాం.

ఆయన కుర్రతనంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా వచ్చి, దోహా పాతపేట ఉమ్ ఘువైలినాలో ఒక గదిలో ఆరుగురితో సర్దుకుని, మేనేజరుగా ఎదిగి, మదీనత్ ఖలీఫాలో విల్లా అద్దెకు తీసుకునే స్థితికి వచ్చారు. సంఘం పెట్టింది ఆయనే. ఎన్నిక జరిగిన ప్రతిసారీ ఇంకెవరూ నిలబడలేదు. ఎందుకు నిలబడతారు? కూలీల క్యాంపులో ఎవరైనా చనిపోతే కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆయన. శవపెట్టె విమానం ఎక్కేదాకా కార్గో దగ్గర నిలబడేది ఆయన. మా ఆయనకు రోడ్డు ప్రమాదం జరిగినప్పుడు ఆపరేషన్ గది బయట రెండు రోజులు నా పక్కన కూర్చుని, నా చేత బలవంతాన ఇడ్లీలు తినిపించింది కూడా ఆయనే.

ఆయనకు ఒక మాట ఉండేది, ‘పద్ధతి’. ఆడపిల్లలు వేదిక మీద ఏ పాటకు ఆడాలి, పూజలో ఏ దంపతులు పీటల మీద కూర్చోవాలి, కులం దాటి పెళ్ళి చేసుకున్నవాళ్ళకు పిలుపు పంపాలా వద్దా, అన్నిటికీ ఒక పద్ధతి. నేను పెరిగింది కోస్తాలో ఒక చిన్న టౌనులో, గ్రంథాలయం హాలులో ఆదివారాల చర్చల మధ్య. మా మేష్టారు వెలుగుతున్న కర్పూరాన్ని నాలుక మీద పెట్టుకుని, నోరు మూసి ఆర్పేసి, ఇందులో మహిమ ఎక్కడుందో చూపించండి అని జనాన్ని అడిగేవారు. పద్నాలుగేళ్ళకే ఆ విద్య నాకూ వచ్చు. అలాంటిదాన్ని ఆయన ఏరికోరి సంఘానికి కార్యదర్శిని చేశారు.

‘నీ రాత ముత్యాల్లా ఉంటుందమ్మా. మినిట్స్ పుస్తకం నువ్వు రాయి. నీ హేతువాదం మాత్రం బడిలో పెట్టుకో, ఇక్కడికి తేకు.’

‘బడిలోనూ వద్దంటున్నారండీ, సిలబస్‌లో లేదని.’

ఆయన కడుపుబ్బా నవ్వేవారు. ఆయనతో వాదించడం నాకు ఇష్టంగా ఉండేది. ఇది ఒప్పుకోకపోతే మిగతాది చెప్పడంలో అర్థం లేదు.

మా సంఘం భోజనాల్లో మొదటి బంతి కుటుంబాలది. క్యాంపుల నుంచి వచ్చే కూలీలు, ఎక్కువగా ఉత్తర తెలంగాణ జిల్లాల వాళ్ళు, పొద్దున్నే వచ్చి షామియానా కట్టేవారు, కుర్చీలు మోసేవారు, గిన్నెలు తోమేవారు. వాళ్ళకు ఆఖరి బంతి, విల్లా వెనక, ఏసీ మిషన్ల వేడిగాలి కొట్టే చోట. మాకు అరిటాకులు, వాళ్ళకు కాగితం పళ్ళాలు. ఇది ఎవరూ కాగితం మీద పెట్టిన నియమం కాదు. నేను అరిటాకులోనే తిన్నాను, అయిదేళ్ళు.

ఒక శుక్రవారం వాళ్ళలో ఒకతను వచ్చి మొదటి బంతిలో కూర్చున్నాడు. జగిత్యాల వైపు అతను, భవనాలకు ఇనుప చువ్వలు కట్టే పని. ముప్పై దాటి ఉంటాయి. ప్రెసిడెంటు గారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

‘ఆకలి ఎక్కువైనట్టుందే. కాస్త ఓర్చుకో.’

‘ఆకలి కాదు సార్. పందిరి మేమేస్తిమి, గిన్నెలు మేం తోమితిమి. తినేకాడ మేం ఆఖరుకా?’

‘ఇక్కడొక పద్ధతి ఉందయ్యా.’

‘ఏం పద్ధతి సార్? కంపెనీల మేనేజరు, హెల్పరు ఒక్క లైన్లనే నిలబడ్తరు.’

అతని స్నేహితుడొకడు నవ్వుతూ భుజం పట్టి లాగాడు. ‘యల్లా భాయ్, లే. సాంబారు ఏడికి పోదు.’ అతను లేచాడు. తినకుండానే క్యాంపు బస్సు ఎక్కాడు.

ఆ వారంలో నేను ఉత్తరం రాశాను. తెలుగు సంఘాలన్నిటికీ కలిపి ఒక పెద్ద కమిటీ ఉంది, దానికి. బంతుల సంగతి, పీటల సంగతి, పిలుపులు ఆగిపోయిన దంపతుల సంగతి, అన్నీ రెండు పేజీల్లో టైపు చేశాను. కింద నా పేరు కొట్టి, చెరిపేశాను. ఆపరేషన్ గది బయట ఆయన తెచ్చిన ఇడ్లీల పొట్లం కళ్ళ ముందు కనబడింది. కృతజ్ఞత అనుకున్నాను. అది పిరికితనం. రెండూ ఒకే గొంతుతో మాట్లాడతాయి, తేడా ముందే పట్టుకోవాలి.

పెద్ద కమిటీ వాళ్ళు గొడవ లేకుండా కానిచ్చారు. ‘ఆరోగ్య కారణాల వల్ల’ ఆయన పదవి వదిలేశారు. కొత్త అధ్యక్షుడు ఆయన మనిషే, ఆయన ఇంట్లోనే సమావేశాలు పెట్టేవాడు. ఆయనకు పదవి పోయిన బాధ కన్నా ఎవరు రాశారన్న బాధ ఎక్కువైంది. ప్రతివాళ్ళనూ అడిగేవారు. నన్ను అడగలేదు.

నెల తిరక్కుండా ఆ ఇనుప పనివాణ్ణి పిలిపించారు. శుక్రవారం మధ్యాహ్నం, విల్లా హాలు, పన్నెండు మంది మగవాళ్ళు, ఒక బల్ల దగ్గర మినిట్స్ పుస్తకంతో నేను. లోపలికి రాగానే అతని బతాకా, అంటే ఈ దేశంలో మనిషికి ప్రాణం లాంటి గుర్తింపు కార్డు, చూస్తానని తీసుకుని ఆయన జేబులో వేసుకున్నారు. ఎవరో తలుపు మూశారు.

‘ఆ ఉత్తరం నీదేనా?’

‘నాకు సంతకం తప్ప రాయనీకి రాదు సార్.’

‘రాశావని ఎవరన్నారు? రాయించి ఉంటావు.’

‘నేను మీ మొఖం మీదనే అడిగిన గద సార్. మళ్ల ఉత్తరమెందుకు రాయిస్త?’

ఆ హాలులో అంతకు మించిన తర్కం ఎవరూ మాట్లాడలేదు. నేను మా ఊరి గ్రంథాలయంలో అన్నేళ్ళు నేర్చుకున్నది అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఎవరూ వినలేదు.

‘నేను పోలీసుని కాదు, జడ్జీని కాదు’ అన్నారు ప్రెసిడెంటు గారు. నిజంగానే మెత్తగా అన్నారు. ‘దేవుడి ముందు చెప్పు, నేను నమ్ముతాను. మా అమ్మ మా ఊళ్ళో ఎన్ని తగాదాలు ఇలాగే తేల్చిందో. నిజం చెప్పినవాడి చెయ్యి కాలదు.’

‘బస్సు పోతది సార్. బతాకా ఇయ్యుండ్రి.’

‘ప్రమాణం చేసి తీసుకెళ్ళు.’

అతను ఒకసారి మూసిన తలుపు వైపు చూశాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచాడు. ‘సరే సార్, చేస్త. చెయ్యని పనికి నాకేం భయం.’

గుమ్మం దగ్గర అరచేతిలో కర్పూరం వెలిగించాలి. ‘నేను రాయలేదు, రాయించలేదు’ అని మూడుసార్లు అంటూ దేవుడి పటం దాకా నడిచి, పళ్ళెంలో వెయ్యాలి. కర్పూరం బిళ్ళ పెద్దది. నేను చూశాను. చిన్న ముక్క, త్వరగా నడక, మధ్యలో చెయ్యి అటూ ఇటూ కదపడం, ఇంతే అందులోని కిటుకు. మంట పైకి పోతుంది కాబట్టి కొన్ని క్షణాలు చర్మానికి ఏమీ కాదు. అబద్ధమాడేవాడైతే భయంతో పరిగెత్తి ఉండేవాడు, చెయ్యి కాలకుండా బయటపడేవాడు. ఇతను నిజం చెబుతున్నాడు. నిజాన్ని నిప్పు ఏమీ చెయ్యదని అతనూ నమ్మాడు. అందుకని నెమ్మదిగా నడిచాడు.

‘అమ్మా, రాసుకో. తన ఇష్టపూర్వకంగా ప్రమాణం చేస్తున్నాడని రాసుకో.’

రాశాను. నా రాత ముత్యాల్లా ఉంటుంది.

మూడోసారి మాట పూర్తయ్యేసరికి అతని మొహం మారింది. చెయ్యి దించలేదు. పటం దాకా నడిచి, పళ్ళెంలో వేసి, అప్పుడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. హాలంతా కర్పూరం వాసన, దాని కింద ఇంకో వాసన.

‘ఎందుకు చేశావయ్యా ఇంత పని’ అన్నారు ప్రెసిడెంటు గారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. గెలిచానన్న సంతోషం ఏమీ లేదు ఆ మొహంలో. దేవుడు తీర్పు చెప్పాడని మనసారా నమ్మిన మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నారు. బతాకా తీసి అతని జేబులో పెట్టారు.

నేను అతన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి పంపు తిప్పాను. ఎండాకాలం. దోహాలో ఎండాకాలం పంపులో వేడినీళ్ళే వస్తాయి. అతను కెవ్వుమని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. సైన్సు టీచర్ని, నాకు అది కూడా గుర్తు రాలేదు. ఫ్రిజ్‌లోంచి చల్లటి సీసా తీసి పోశాను.

‘మేడమ్, నేను రాయలే. మీరన్న నమ్ముతరా?’

‘నమ్ముతాను’ అన్నాను.

ఆ ఒక్క మాట అన్నాను, ఇంకేమీ అనలేదు. ఈ దేశపు ఎడారి మీద ఎంత ఇసుక ఉందో అంత సిగ్గు ఆ మాట కింద ఉంది. నేను నమ్మడం ఏమిటి? నాకు తెలుసు.

మర్నాడు డ్యూటీలో అతనికి ఇనుము కోసే కత్తెర పట్టు దొరకలేదు. క్యాంపు నర్సు ఆస్పత్రికి పంపింది. డాక్టరు ఎలా కాలిందని అడిగితే, వచ్చిన హిందీలో ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆస్పత్రి వాళ్ళు పోలీసులకు చెప్పారు. గదిలో తలుపు మూసి, కార్డు లాక్కుని, చెయ్యి కాల్చడం ఏ దేశపు చట్టంలో అయినా నేరమే. ఆయన మీద కేసు పెట్టారు. దేశం దాటడానికి వీల్లేదన్నారు.

ఒక సాయంత్రం ప్రెసిడెంటు గారు అల్ మన్సూరాలోని మా ఫ్లాటుకు వచ్చారు. మా ఆయన కోసం దానిమ్మపళ్ళు తెచ్చారు.

‘కాలు ఇంకా లాగుతోందా బాబూ?’ అని మా ఆయన్ని అడిగి, తర్వాత నా వైపు తిరిగారు. ‘నిన్ను అబద్ధం చెప్పమనను. కేసు చూసే అధికారి దగ్గరికి ఆ పుస్తకం తీసుకొచ్చి, రాసింది చదివి వినిపించు. చాలు.’

రాసింది చదివితే ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు. ఇష్టపూర్వకంగా ప్రమాణం చేశాడన్న కాగితం నిలబడితే ఆయన బయటపడతారు. చెయ్యి తానే కాల్చుకుని పెద్దమనిషి మీద కేసు పెట్టినవాడిగా ఆ కూలీ మిగులుతాడు. అప్పటికే అతని కంపెనీ వాళ్ళు ఒకమాట అన్నారట: కేసు నిలవకపోతే టికెట్ కొడతాం, పో అని. పట్టు లేని చెయ్యితో జగిత్యాల వెళ్ళి అతనేం కడతాడు?

ఆయన వెళ్ళాక మా ఆయన అన్నాడు. ‘బలవంతంగా చేయించారని చెప్పు, తప్పదు. ఉత్తరం ఊసెత్తకు. అది ఎవరూ అడగరు.’

‘అడక్కపోతే?’

‘అడక్కపోతే మనం చెప్పక్కర్లేదు.’

ఆ రెండు రోజులూ ఇంట్లో ఏ మూల నిలబడినా కర్పూరం వాసన వచ్చింది. మా ఇంట్లో కర్పూరం ఎప్పుడూ లేదు. ముక్కు కూడా సాక్ష్యం చెబుతుందని హేతువాదులం మేము ఎక్కడా రాసుకోలేదు.

అధికారి ముందు పుస్తకం పెట్టాను. పక్కన హిందీ, అరబ్బీ వచ్చిన దుబాసి ఉన్నాడు. ఇది నా చేతి రాతే, ఇందులో ఇష్టపూర్వకంగా అన్నమాట అబద్ధం అన్నాను. తలుపు మూసిన సంగతి, కార్డు సంగతి చెప్పాను. దుబాసి తిరిగి అడిగాడు: ఇంతకీ ఆ ఉత్తరం ఎవరు రాశారో తెలుసా? మా ఆయన చెప్పినట్టు కాలేదు, అడిగారు. నేను రాశాను అన్నాను. దుబాసి దాన్ని అరబ్బీలోకి మార్చడానికి ఒక్క క్షణం తటపటాయించాడు.

బయట వరండాలో కుర్చీల వరుస. ఒక చివర ప్రెసిడెంటు గారు, ఇంకో చివర కట్టు కట్టిన చేతితో అతను. మధ్యలో నేను నిలబడే చెప్పాను, ఇద్దరికీ వినబడేలా. ‘ఆ ఉత్తరం నాదండీ.’

ఆయన నన్ను తిట్టలేదు. మెల్లగా ఆ కట్టు వైపు చూశారు.

‘అయితే అతను నిజమే చెప్పాడన్నమాట.’

‘అవునండీ.’

‘మరి నిజం చెప్పినవాడి చెయ్యి ఎందుకు కాలిందమ్మా?’

అది వాదన కాదు. ఆయన నిజంగా అడిగారు, నన్నే అడిగారు, తెలిసినదాన్నని. అన్నేళ్ళు ఆయనతో వాదించినదంతా ఈ ప్రశ్న ఆయన నోట వినడానికే. జవాబు నా దగ్గర ఉంది, బిళ్ళ సైజుతో సహా.

కానీ జవాబు ఆ చివర నుంచి వచ్చింది. ‘నిప్పు గద సార్. కాలుతది.’

ఇక అతను నా వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ‘మీకు అన్నీ ఎరికనే ఉండె గద మేడమ్. ఆ దినమే నోరు తెరిస్తే అయిపోతుండె.’

అంతే, మళ్ళీ నాతో మాట్లాడలేదు. కోర్టు ఆయనకు జైలు వేసింది, శిక్ష అయ్యాక దేశం నుంచి పంపేశారు. తప్పు చేశారు, శిక్ష పడింది, న్యాయం జరిగింది. ఇందులో నాకు సందేహం లేదు. ఆ కూలీకి రెండు వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. కంపెనీ వాళ్ళు అతన్ని సామాను గదిలో లెక్క చూసే పనికి మార్చారని విన్నాను. అక్కడా కుడిచెయ్యి కావాలి.

సంఘం ఫోను ఇప్పుడు నా దగ్గర ఉంది. దాని నంబరు ఎన్ని ఊళ్ళలో గోడల మీద రాసి ఉందో తెలియదు. పొద్దున బడికి బయల్దేరేటప్పుడు మోగుతుంది. ‘దుబాయ్ ప్రెసిడెంట్ సారేనా? మావోడు వారం సంది ఫోనెత్తుత లేడు’ అని ఒక ముసలి గొంతు. ఇది దుబాయ్ కాదమ్మా, దోహా అని నేను చెప్పను. ఆయన కూడా ఎప్పుడూ చెప్పలేదట. ప్రెసిడెంటు సారు లేరమ్మా అంటాను. ‘ఎప్పుడొస్తడు?’ అంటుంది. ఆయన ఒక్కడు చేసిన పనిని ఇప్పుడు నలుగురం కలిసి సగం చేస్తున్నాం. కార్గో దగ్గర నిలబడ్డప్పుడల్లా ఆయన నా పక్కన ఉన్నట్టే ఉంటుంది, ‘అమ్మా, రాసుకో’ అంటున్నట్టు. దయ్యాలు లేవని నేను పాతికేళ్ళుగా రాస్తున్నాను. ఇప్పటికీ లేవనే అంటాను. మనం చెప్పాల్సిన చోట చెప్పని మాటలకు దయ్యంలా వెంటాడే పని బాగా చేతనవును.

కొత్త కమిటీ బంతులు ఎత్తేసింది. ప్రమాణాలు ఎత్తెయ్యాలని నేను తీర్మానం పెడితే, అది నమ్మకం సంగతి, మనసులు నొచ్చుకుంటాయి, తర్వాత చూద్దాం అన్నారు. ఆరోజు హాలులో ఉన్న పన్నెండు మందిలో ఏడుగురు ఆ మాటకు తల ఊపారు. వాళ్ళలో ఒక్కరూ దుర్మార్గులు కారు. నాలాంటివాళ్ళు.

ఇది చదువుతున్న మీ సంఘంలో, మీ కులం మీటింగులో, మీ అపార్టుమెంటు కమిటీలో ఈ శుక్రవారమో ఆదివారమో ఎవరో ఒకణ్ణి నిలబెట్టి నిజం నిరూపించుకోమంటారు. మీరు ఒక కుర్చీలో ఉంటారు, మీకు ఏదో తెలిసి ఉంటుంది. ఇంటికి వెళ్ళి రాయకండి. రేపటికి ఆపకండి. అక్కడే లేవండి, మూసిన తలుపు తెరవండి, ఆ మనిషికీ ఆ నిప్పుకూ మధ్య నిలబడి, మీకు తెలిసింది మీ పేరుతో గట్టిగా చెప్పండి.